చుక్కలు కనబడే కప్పు

కాచువాని నమ్మి కనుమూయు వారికి
కప్పు చిల్లులైన కలదె భయము
మబ్బు గొడుగు పట్టి మరుభూమి నడిపిన
మనల నేలు వాడు మరుగు గాక

పెరుమాళ్ళా, నీ పాదాలకు మొక్కి ఈ కథ ఎత్తుకుంటున్నాను. ఇందులో ఒకరు నిన్ను రోజుకు నూరుమార్లు పేరు పెట్టి పిలుస్తారు. మరొకరు నీ పేరు పెదవిమీదికి తేవడానికే జంకుతారు. ఇద్దరినీ కనిపెట్టి ఉన్నవాడవు నీవు. నా మాట తడబడకుండా చూడు.

సింగానల్లూరులో రత్నసభాపతి నాయుడి ఇల్లు ఆయన పేరిటే ఉన్నా, ఏలుబడి మాత్రం ఆయన భార్య చెల్లమ్మాళ్‌ది. ఆమె నడుమున వేలాడే తాళంచెవుల గుత్తి చప్పుడైతే వంటింట్లో గిన్నెలు సైతం సర్దుకొని కూర్చునేవి. ఆ ఇంట ఏ పనికైనా "నువ్వు చెయ్యి పెట్టొద్దు, నేను చూసుకుంటాను" అన్నదే ఆమె మాట.

అటువంటి మనిషికి గుండెలో ఒక కవాటం బిగిసిపోయింది. నాలుగడుగులు గట్టిగా వేస్తే ఆయాసం. దీపావళి లోపల శస్త్రచికిత్స జరగకుంటే ప్రాణానికే ముప్పని వైద్యులు తేల్చి చెప్పారు. ఆమె ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి వచ్చింది. మొదటిసారి, పురటాసి నెల శనివారం పెరుమాళ్ళకు తళిగ నైవేద్యం పెట్టాలని సాకు. రెండవసారి, నర్సు నడుమునున్న గుత్తి విప్పి ఇమ్మన్నందుకు మంచం దిగి నడిచి వచ్చేసింది. "ఇది లేకుండా నేను పండుకునేదే లేదు" అన్నది ఆమె చెప్పిన కారణం. అసలు కారణం ఆమెకు మాత్రమే తెలుసు. మత్తు ఎక్కిన తరువాత తాను తన చేతిలో ఉండదు. ఆ తలపుకే ఆమె ఒళ్ళు చల్లబడేది.

పెరటివైపు గదిలో ఎలియా కాపురం. కొచ్చిలో పుట్టిన యూదుడు. నూలుమిల్లులో యంత్రాలు బాగుచేసే పనిమీద వచ్చి, పనినుంచి విరమించి, భార్య రాహేలు పోయిన తరువాత కూడా అక్కడే ఉండిపోయాడు. దేవుడి అసలు పేరు నోట పలకడానికి జంకుతాడు. శుక్రవారం పొద్దు వాలితే మరునాటి సాయంత్రం దాకా ఆయన పొయ్యి వెలిగించడు, పని ముట్టడు. "నా శనివారం పురటాసిలోనే తంబీ, నీది ఏడాదంతా" అని చెల్లమ్మాళ్ ఆటపట్టించేది.

ఏటా పండుగకు కొచ్చికి పోయే ఆయన ఆ ఏడు వచ్చి వాకిట నిలబడ్డాడు.

"అక్కా, మోకాలు నన్ను కొచ్చికి పోనియ్యలే. మా గుడిసెల పండగ వస్తుండాది. పెరట్లో చిన్న గుడిసె వేసుకొని, పండగ దినాలు దాంట్లోనే తిని పండుకోవాల."

"అడిగేదేముండాది తంబీ? నేనే వేయిస్తాను. నువ్వు చెయ్యి పెట్టొద్దు."

చెల్లమ్మాళ్ వెంటనే మునిని పిలిపించింది. ముని ఆ వీధిలో పందిళ్ళు కట్టే పనివాడు. ఐప్పసి నెల వానలు ఆ ఏడు తొందరపడుతున్నాయి. వెనకగది మనిషి తడవకూడదు. మూడు పక్కల తడికలు నిలబెట్టించి, అల్లిన కొబ్బరి మట్టలు ఒకదానిమీద ఒకటి దట్టంగా పరిపించి, ఆపైన నీలిరంగు టార్పాలిన్ బిగించి కట్టించింది.

"అమ్మా, కృష్ణుడు గోవర్ధనం ఎత్తినా ఇంత అడ్డం ఉండదు" అన్నాడు ముని చేతులు దులుపుకుంటూ. "చుక్క కారితే నా పేరు ముని కాదు."

"కారితే నీ పేరు నేనే మారుస్తాను, దిగు."

సాయంత్రం ఎలియా వచ్చి తలెత్తి చూశాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"ఎట్లా చెప్పేదక్కా... ఇది చెల్లదు."

"ఏమి చెల్లదు? ఎక్కడన్నా బొక్క ఉండాదా?"

"బొక్క లేనిదే తప్పు."

ముని ఘొల్లున నవ్వాడు. "అయ్యో సామీ, ముందే చెప్పకూడదా? బొక్కలతో కట్టేది నాకు ఇంకా బాగా వస్తుంది!"

చెల్లమ్మాళ్‌కు నవ్వు రాలేదు. "వాన వస్తే?"

"లోపలికి పోతాము. తడుస్తా కూర్చునేది పుణ్యమని మా పెద్దలు చెప్పలే, పిచ్చితనమని చెప్పినారు."

"మళ్ళా ఈ కూత్తు, ఈ నాటకమంతా ఎందుకు? గట్టి గది ఉండాది గదా!"

ఎలియా తడికను ఆనుకొని నిదానంగా చెప్పాడు. "మా వాళ్ళు ఐగుప్తు దేశంలో బానిసలుగా ఉండి బయటపడినారు. నలభై ఏండ్లు ఎడారి. గోడ లేదు, తాళం లేదు. మీ కృష్ణుడు గోవర్ధనం ఎత్తినాడే, మా దేవుడు మాకు కొండ ఎత్తలేదు. మేఘం పట్టినాడు. మేఘానికి తాళం వేస్తామా అక్కా? పంట ఇంటికి వచ్చి, 'నా కప్పే నన్ను కాపాడింది' అని మనసుకు తోచే కాలం చూసి, ఆ కప్పు వదిలి దీని కింద కూర్చోమన్నాడు. దీంట్లోనుంచి చుక్కలు కనబడాల."

తాళం అన్న మాట దగ్గర ఆమె చేయి తనకు తెలియకుండానే నడుముకు పోయింది.

"మునీ, విప్పు" అన్నది.

పండుగనాడు పొద్దు వాలకముందే గుడిసెలో నూనెదీపం వెలిగింది. ఒట్టన్‌చత్రం సంతనుంచి చెల్లమ్మాళ్ కొడుకు తెచ్చిన బీరకాయలు, పొట్లకాయలు, చిన్న గుమ్మళ్ళు ఎలియా కప్పునుంచి తోరణాల్లా వేలాడదీశాడు. "అతిథి లేకుంటే మా పండగ సగమే" అని ఆయన పిలవగా చెల్లమ్మాళ్ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. తన పొయ్యిమీద వండినది ఆయన తినడని ఎరిగినది కనుక కోయని అరటిపండ్ల గెల పట్టుకొని పోయింది. ఆయన ద్రాక్షరసం పాత్ర చేతబట్టి తన భాషలో స్తోత్రం పాడాడు. భోజనం సగంలో ఉండగా మబ్బు కమ్మింది. మొదటి చినుకు బీరకాయ మీదినుంచి జారి ఆయన కంచంలో పడింది.

"ఇంకో అతిథి వచ్చినాడు!" అని నవ్వుతూ లేచి, ముందు ఆమెను పెరట్లోని పంపుగది చూరు కిందికి చేర్చి, తరువాత కంచం తీసుకొని తానూ వచ్చి నిలబడ్డాడు. వాన వెలిసింది. ఆయన వెళ్ళి తడి కుర్చీలు తుడిచి, ఏమీ జరగనట్టే మళ్ళీ కూర్చున్నాడు. ఆమె కూడా వెళ్ళి కూర్చుంది.

"కోపం రాలేదా తంబీ?"

"ఎవరిమీద? పండగ ఇచ్చినవాడే వాన ఇచ్చినాడు."

చెల్లమ్మాళ్ చాలా రోజులుగా దిగమింగుకున్న మాట అప్పుడు బయటపడింది. "రాహేలు ఆసుపత్రిలో పడి ఉండినప్పుడు నువ్వు నమ్మలేదా? నమ్మినావు. ఐనా పోయింది గదా."

మట్టల మీదినుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. ఎలియా కంచం పక్కకు జరిపాడు.

"నమ్మినాను. పోయింది. ఆ ఏడు కొచ్చి గుడిసెలో ఒక్కడినే కూర్చొని ఏడ్చినాను. ఆయన దగ్గరే ఏడ్చినాను అక్కా, ఇంకెక్కడికి పోయేది? వాన పడదని కాదు నమ్మకం. పడినా ఆయన చేతి కిందే ఉండానని." మళ్ళీ అన్నాడు: "దినమూ పండుకునేటప్పుడు, నా ప్రాణం నీ చేతిలో పెడుతుండాను అని చెప్తాను. పొద్దున లేస్తూనే, తిరిగి ఇచ్చినావు అని మొక్కుతాను."

"నేనట్లా ఎప్పుడూ ఇచ్చిందే లేదు."

"నువ్వూ ఇస్తుండావు. నిద్రలో నీ గుండెకు కాపలా ఎవరు? ఆ గుత్తా?"

చిన్ననాడు పెరుమాళ్ళ కోవెలలో విన్న మాట ఆమెకు గుర్తుకు వచ్చింది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొని వేలాడుతుంది. పిల్లికూనను తల్లే నోట కరచుకొని పోతుంది. భక్తులు ఇలా రెండు తెగలని అక్కడి ఆచార్యుడు చెప్పాడు. ఇన్నేండ్లూ ఆమె పట్టిన పట్టు వదలలేదు. వదిలితే పడిపోతానని తప్ప, తనను పట్టుకొన్న చేయి ఒకటి ఉండవచ్చునని ఏనాడూ తోచలేదు.

తలెత్తింది. మట్టల సందులో, విడిన మబ్బు వెనక, ఒక చుక్క తడిసినట్టు మెరుస్తోంది.

"నేను కోతిపిల్లనే తంబీ" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మరునాడు ఆమే భర్తతో అన్నది: "కారు తీయుంగ. ఆసుపత్రికి పోదాము." రత్నసభాపతి విన్నది నిజమో కాదోనని రెండుసార్లు అడిగాడు.

ఆసుపత్రిలో నర్సు మళ్ళీ చేయి చాచింది. చెల్లమ్మాళ్ గుత్తి విప్పింది. నర్సుకు ఇవ్వలేదు, కోడలు రంజని చేతిలో పెట్టింది.

రంజని బెదిరిపోయింది. "అత్తా, దేనికి ఏ చెవి?"

"నువ్వే కనుక్కో, కణ్ణు, నా తల్లీ."

చక్రాల మంచం మీద పడుకొని ఆమె పైకి చూసింది. తెల్లని గట్టి కప్పు, సందన్నది లేదు. "ముని మొదట కట్టినట్టే ఉండాది" అనుకుంది. కళ్ళు మూసుకుంది. "పెరుమాళ్ళా, ఇదిగో, నీ చేతిలో పెడుతుండాను. తిరిగి ఇచ్చేది నీ చిత్తం." భయం పోలేదు. అయినా ఆమె మంచం దిగలేదు.

స్వామి తిరిగి ఇచ్చాడు. ఆమె ఇల్లు చేరేసరికి పండుగ గడిచిపోయింది, పెరట్లో గుడిసె విప్పేశారు. రంజని గుత్తి తెచ్చి అందించబోయింది.

"నీ దగ్గరే ఉండనీ" అన్నది చెల్లమ్మాళ్. పెరటివైపు చూసి గొంతు పెంచింది. "తంబీ! వచ్చే ఏటికి మునికి ఇప్పుడే చెప్పి పెట్టు. మట్టలు కొంచెం ఎడంగా అల్లమను."

ఈ కథ విన్నవారి ఇళ్ళకు గట్టి కప్పులు కలుగుగాక. వారి నమ్మకం ఆ కప్పులకు పైనున్నవానిమీద నిలుచుగాక. రాత్రి అప్పగించిన ప్రాణం ప్రతి ఉదయమూ వారి చేతికి అందుగాక. ఏ పేరున పిలిచేవారికైనా, పేరు పలుక జంకేవారికైనా, ఆయన నీడ ఎడబాయకుండుగాక.