దేవుడి మీదికి నెట్టిన చావు

సభ మొదలవకముందే, హాలు వెనక గదిలో, తన ఆత్మకథ పేజీలు తిరగేస్తున్న రాజారత్నానికి ఒళ్లు మండిపోయింది. పుదుచ్చేరిలో మంత్రిగా వెలిగిన మనిషి, ముసలితనంలో ఓపిక కూడగట్టుకుని కూర్చుని రాసుకున్న పుస్తకం. అచ్చయ్యేసరికి అందులో ఇంకెవరి మాటలో వచ్చి కూర్చున్నాయి.

ఫరంపేటలో కూలి చేసుకునే తండ్రి దీపం దగ్గర బైబిలు చదువుతుంటే, ఎదురుగా కూర్చుని అక్షరాలు తలకిందులుగా నేర్చుకున్నవాడతను. బడి మొహం ఎరగడు. చేతికందిన కాగితమల్లా చదివాడు. ఆ రోజుల్లోనే చెల్లెలు మరియమ్మకి జ్వరం తగిలింది. ఆస్పత్రి నడిచి వెళ్లేంత దూరమే, వైద్యం ఉచితమే. తండ్రి మాత్రం ప్రార్థన నూనె రాసి, విశ్వాసం ఉంటే చాలన్నాడు. వారం తిరక్కుండా పిల్ల పోయింది. 'చదవడం నాకు ఆ గ్రంథం నేర్పింది, అడగడం నా చెల్లెలి చావు నేర్పింది' అని రాశాడు రాజారత్నం. అచ్చులో ఉన్నది వేరు: 'ప్రభువు మరియమ్మను తన సన్నిధికి పిలుచుకున్నాడు.'

"ఎవడు మార్చాడ్రా ఇది?"

కొడుకు సుధీర్ తలుపు దగ్గరికి వేశాడు. "నేనేనండి. ఎలక్షన్లో నిలబడుతున్నాను కదా నాన్నగారూ. దేవుణ్ణి నమ్మనని మీరు రాస్తే మనోళ్లే నాకు ఓటెయ్యరండి."

"నా చెల్లి నీ ఓట్ల కోసం చచ్చిందట్రా, వెధవా!"

కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి? పాస్టరుగారు ప్రార్థన చేసి పుస్తకం విడుదల చెయ్యగానే రాజారత్నం మైకు లాక్కున్నాడు.

"ఈ పుస్తకంలో అబద్ధం ఉందండి. మరియమ్మని దేవుడు పిలవలేదు. మేమే పంపించేశాం. ఆస్పత్రికి తీసుకెళ్లకుండా, చుట్టూ మోకరించి, మా కళ్ల ముందే..." ఏడ్చేశాడు.

ముందు వరసలో ఒక పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుని "ఆమెన్" అంది. దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతూ ఏడ్చిన ఎవరికైనా ఆ సంఘం ఇచ్చే జవాబు అదే. హాలంతా అందుకుంది. "ఆమెన్! స్తోత్రం!" సుధీర్ మొహం తేటపడింది. వాడూ చేతులెత్తాడు.

"ఆమెన్ కాదండి!" రాజారత్నం అరిచాడు. "ప్రార్థన చేసుకోండి, ఎవరొద్దన్నారు? కానీ పిల్లకి జ్వరమొస్తే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తండి! పరిగెడతామనండి! మా చెల్లి కోసం ఒక్కసారి అనండి!"

అంతసేపూ మార్మోగిన హాల్లో ఒక్క గొంతూ లేవలేదు.