ఎల్‌ వన్ కాన్పు

ఎనిమిదో నెల పొట్టతో ఆమె చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, ఆ చొక్కాలు తొడుక్కునే భర్తగారు సోఫాలో కూర్చుని కాన్పు కొటేషన్లు చదివి వినిపించాడు. ఫ్యాక్టరీలో కొనుగోళ్ల ఆఫీసరు ఆయన. బోల్టు కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించి, అందరికన్నా తక్కువ ధర చెప్పినవాణ్ణి ‘ఎల్‌ వన్’ అని పిలిచి ఆర్డరిస్తాడు. ఇప్పుడు పెళ్లాం కూడా బోల్టుల సరసన చేరింది.

మూడు ఆసుపత్రులకీ తనొక్కడే తిరిగి, కాగితం మీద గళ్లు గీసుకొచ్చాడు. కార్పొరేట్ ఆసుపత్రి బిల్లు తాడిచెట్టంత ఉందని కొట్టేశాడు. ప్రభుత్వాసుపత్రిలో పైసా ఖర్చు లేదు, అసలైన ఎల్‌ వన్ అదే. కానీ ఆఫీసులో తెలిస్తే పరువేం కాను? అదీ కొట్టేశాడు. మిగిలింది వీధి చివరి నర్సింగ్ హోమ్. తోడుండేవాళ్లకి ఏసీ, సోఫా ఉన్న గది ‘తప్పనిసరి’ గడిలో పడింది. నొప్పి తెలియకుండా నడుముకిచ్చే ఇంజెక్షన్ ‘అనవసరం’ గడిలో టీవీ పక్కన పడింది. ఆ సోఫాలో పడుకునేది ఎవరో వేరే చెప్పాలా?

“నొప్పి పడకుండా కంటే పిల్లల విలువేం తెలుస్తుందమ్మా?” అంది అత్తగారు, మోకాలి నొప్పికి మందు రాసుకుంటూ.

ఆమెకి మొదటి కాన్పు గుర్తొచ్చింది. ప్రాణం పోతోందని ఆమె కేకలు పెడుతుంటే ఈ మహానుభావుడు పక్కనే నిలబడి, బయట తన మేనేజరు కూర్చున్నాడనీ కాస్త నెమ్మదిగా అరవమనీ చెవిలో చెప్పాడు. ఆమె పెదవి కొరుక్కుని కన్నది. పెదవికి రెండు కుట్లు పడ్డాయి. వాటిని బిల్లులో చూసి, కాన్పుకీ మూతికీ సంబంధమేమిటని డాక్టరుతో బేరమాడాడు. తల్చుకుంటేనే ఆమెకి ఛీ అనిపించింది. ఈసారి నోరారా అరుస్తాననుకుంది.

మర్నాడు తన ఉద్యోగానికి ఒంటిపూట సెలవు పెట్టి ఒక్కతే ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది. గోడలు పెచ్చులూడి ఉన్నాయి, నలుగురు పట్టే బెంచీ మీద ఏడుగురు ఇరుక్కున్నారు. పెద్ద నర్సు మాత్రం చీటీ రాస్తూ తలెత్తి, ఎలా కనాలనుకుంటున్నావమ్మా అని అడిగింది. ఇంతవరకూ ఆ మాట అడిగిన మనిషి లేదు. ఇంజెక్షన్ కావాలంటే రాసుకుంది. తోడుగా ఒక ఆడమనిషిని తెచ్చుకోవచ్చంటే అక్కని తెచ్చుకుంటానంది.

సాయంత్రం ఆ చీటీ చూసి భర్త మొహం మాడిపోయింది. మళ్లీ గళ్ల కాగితం తీసి, ఒక్కో గడి మీదా వేలు పెట్టి అప్పజెప్పాడు.

“ఊరికే చేస్తారని పరిగెత్తావా?”

“ఊరికే అని కాదండీ. కాన్పు గదిలోకి మిమ్మల్ని రానివ్వరట.”