ఏడో పిల్ల బెల్లు కొట్టిందా?

శనివారం ఒంటిపూట బడి వదలగానే పుస్తకాన్ని గుండెకు హత్తుకుని బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ వచ్చేదాకా నిలబడే ఉన్నాను. ఏడాదిగా మా గల్లీ ఆడవాళ్లు ఎదురుచూస్తున్న పుస్తకం అది.

మరాఠీలో వచ్చిన ఐదు పుస్తకాల కథలో అది ఆఖరిది. ఇరా అనే పిల్ల పుట్టినప్పుడే ఆమె ఒంట్లోంచి కణాలు తీసి, ఒక సైంటిస్టు దొంగచాటుగా ఏడుగురు పిల్లల్ని తయారుచేస్తాడు. అందరిదీ ఇరా ముఖమే. వాళ్లకు పేర్లు లేవు, నంబర్లే. ఏడోదాన్ని సాతవి అంటారు. పదిహేనేళ్లకు ఇరా ప్రమాదంలో చనిపోతుంది. ఈ నకళ్లు ఉన్నాయని ఆమె తల్లికి తెలియనే తెలియదు. నాలుగో పుస్తకం చివర్లో సాతవి ల్యాబు నుంచి తప్పించుకుని, ఆ తల్లి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, బెల్లు మీద వేలు పెడుతుంది. అంతే, అక్కడ ఆపేశారు!

మా ఇంటి ముందు రేకుల నీడలో అమ్మ, పక్కింటి చంద్రభాగవ్వ, ఎదురింటి భాగ్యలక్ష్మత్త కూర్చుని బీడీలు చుడుతుంటే, నేను ఆ కథను చదివి తెలుగులో చెప్పేదాన్ని. మొదట్లో క్లోన్ అంటే ఏమిటో నాకు చెప్పడం రాలేదు. అవ్వే తేల్చేసింది.

"ఒక్క ఫర్మా రేకు పెట్టి ఇన్ని ఆకులు కోస్తలేమా? గట్లనే."

"అట్లెట్ల అత్తా? ఏ ఆకు ఈనెలు ఆ ఆకుకే ఉంటయి గదా" అంది భాగ్యలక్ష్మత్త. ఆ వాదన నాలుగు పుస్తకాలు నడిచింది.

ఆ బెల్లు దగ్గర కథ ఆగినప్పటి నుంచి నీళ్ల దగ్గర కనిపించినా, రేషన్ దుకాణంలో కనిపించినా అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏం పోరి, బెల్లు కొట్టిందా?"

ఇప్పుడు నేను గల్లీలోకి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ముగ్గురూ చాటలు ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పుస్తకం పైకెత్తి చూపించాను. భాగ్యలక్ష్మత్త చప్పట్లు కొట్టింది. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ముందురోజు ఖోఖో మ్యాచ్‌లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. బడిలో ఎవరితోనూ మాట్లాడే పని పడక, ఎంత పోయిందో నాకే తెలియలేదు.

"కాయ్ ఝాలం? ఏమైంది, చదువవేంది?" అంది అవ్వ.

గొంతు పట్టుకుని చూపించాను.

"అరే దేవా! ఇయ్యాల్నే పోవాల్నా నీ గొంతు?"

ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు. అల్లం నమిలించారు. పసుపు పాలు తాగించారు. చివరికి కప్ప బెకబెకలాంటి చప్పుడొకటి వచ్చింది. సోమవారం పుస్తకం తిరిగి ఇవ్వాలి, బడిలో ఇంకా పదకొండు మంది వరసలో ఉన్నారని కాగితం మీద రాసి అమ్మకు చూపించాను.

అమ్మ దాన్ని చదివింది. చదివి, చేతులకంటిన తంబాకు కొంగుకు తుడుచుకుని, "ఇట్ల తే" అని పుస్తకం అందుకుంది.

"నీకొస్తదా వదినా?" అంది భాగ్యలక్ష్మత్త.

"మరాఠీ బడిల నాలుగో తరగతి దాక చదివిన. తర్వాత చాట ఒళ్లకొచ్చింది."

అమ్మ బస్సు బోర్డు చదవడం, సంతకం పెట్టడం తప్ప నేను ఇంకేమీ చూడలేదు. ఆమె మొదటి పేజీ తెరిచి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "ప్ర... యో... గ..."

"ప్రయోగశాళా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"నన్ను చదవనియ్యుండ్రి" అని అమ్మ కసురుకుంది.

"ముందుగాల బెల్లు కాడికి పో శాంతా" అని అవ్వ బతిమాలింది. అమ్మ ఒప్పుకోలేదు. వరుసగానే చదువుతానంది. మరాఠీ ముక్క చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం, మళ్లీ చదవడం. సాయంత్రానికి ఆమె నాలుక దారికొచ్చింది. ఆదివారం పొద్దున సైంటిస్టు మనుషులు సాతవిని తరిమే చోట ఎంత జోరుగా చదివిందంటే, నీలం నగర్ లూమ్‌లో మగ్గం పనికి బయల్దేరిన నాన్న చెప్పులేసుకుని అక్కడే నిలబడిపోయాడు.

ఆదివారం సాయంత్రం ఎండ తగ్గే వేళకు సాతవి బెల్లు కొట్టింది. తలుపు తెరుచుకుంది. చచ్చిపోయిన కూతురి ముఖం ఆ తల్లి ఎదుట నిలబడింది. ఎవరి చేతిలోనూ బీడీ కదలడం లేదు.

అమ్మ ఆగిపోయింది.

"ఆగకే!" అంది అవ్వ.

"కండ్లు కనవడ్తలేవు అత్తా, ఒక్క నిమిషం" అని అమ్మ కళ్లు తుడుచుకుని చదివింది. "‘నువ్వు మా ఇరావి కాదు’ అన్నది ఆమె."

"పాపిష్టిది!" భాగ్యలక్ష్మత్త కత్తెర విసిరికొట్టింది. "గంత దూరం నుంచి వస్తే గదేనా అనేది?"

"ఉండు, ఇంకున్నది" అని అమ్మ చెయ్యెత్తింది. "‘నువ్వు నువ్వే. నీ పేరేంది బిడ్డా?’ ‘ఇంకా పెట్టుకోలే’ అన్నది సాతవి. ‘అయితే లోపలికి రా. చాయ్ తాగుకుంట ఆలోచిద్దాం.’"

అమ్మ పేజీ తిప్పింది. అవతల తెల్ల కాగితం.

కథ అక్కడితో అయిపోయింది. గల్లీ అదిరింది.

"పేరు చెప్పలేదా? గదేం పుస్తకం!"

"గంగ అని పెట్టుకోవాలె" అంది అవ్వ.

"గీ కాలంల గంగనా? నమ్రత బాగుంటది!" అంది భాగ్యలక్ష్మత్త.

"నమ్రత అంటే అణకువ. తప్పించుకొచ్చిన పిల్లకు అణకువేంది?" అంది అమ్మ.

నాకూ ఒక పేరు తట్టింది. చెబుదామని నోరు తెరిస్తే కీచుమంది. అందరూ నన్ను చూసి పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా. ఆ గోలకు వెనక గల్లీ వాళ్లు కూడా వచ్చారు. వాళ్లకు కథ మొదటి నుంచి చెప్పే పని అవ్వ అందుకుంది.

సోమవారం పొద్దున బడికి తయారై చూస్తే సంచిలో పుస్తకం లేదు. అమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని రెండో అధ్యాయం చదువుతోంది.

"మొన్న ఈడ రెండు మాటలు దాటేసిన. రాలే నాకు" అంది తలెత్తకుండా. "జర ఆగు."

బయట బస్సు హారన్ వినిపించింది. నేను సంచి కింద పెట్టి ఆమె పక్కనే కూర్చున్నాను.