టేపు చుట్టిన చోటు

మేఘన బళ్లారి జిల్లాలోని ఎమ్మిగనూరు హైస్కూల్లో లెక్కల టీచరు. బళ్లారి గాంధీనగర్‌లోని ఇంటి నుంచి రోజూ కరెంటు కారులో పోయి వస్తుంది. కారుతో పాటు ఇచ్చిన ఛార్జింగ్ కేబుల్ పొట్టిది. వరండా గోడకున్న ప్లగ్గు నుంచి గేటు పక్కన నిలిపే కారు దాకా అందేది కాదు. అందుకని భర్త హర్ష తెలిసిన మనిషినొకణ్ణి పిలిపించి, ప్లగ్గు వైపు ఇంకో పదిహేనడుగుల వైరు అతికించి పొడుగు చేయించాడు. హర్షకు సండూరు గనుల దగ్గర టిప్పర్ల పని. వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటాడు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం కారు వెనక్కి తీస్తుంటే చక్రం కింద ఏదో పటుక్కుమంది. దిగి చూస్తే ఆ అతికించిన వైరే. గేటు జరిగే ఇనప పట్టీకీ టైరుకీ మధ్య నలిగి, పైతొడుగు వేలెడంత చీలింది. లోపల రాగితీగ కనబడుతోంది. మేఘన చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఆమె రివర్సు తీయడం మీద హర్ష ఇప్పటికే చాలా నవ్వి ఉన్నాడు. నల్లటేపు తెచ్చి ఏడెనిమిది చుట్లు బిగించి చుట్టింది. ప్లగ్గు పెడితే కారు ఛార్జి అయింది. ఇక ఎవరికీ చెప్పలేదు.

వానలు పట్టాక ట్రిప్పరు పడటం మొదలైంది. కరెంటు ఎక్కడైనా నేలకు కారుతుంటే తనంతట తానే ఆపేసే స్విచ్చి అది. పొద్దున లేచి చూస్తే కిందికి వాలి ఉండేది, కారులో సగం ఛార్జి కూడా ఉండేది కాదు. రెండుసార్లు బడికి ఆలస్యమైంది. మూడోసారి వైరు అతికించిన మనిషికే ఫోన్ చేసింది. అతను వచ్చి ట్రిప్పరును తప్పించి లైను నేరుగా కలిపేసి, ఇంక పడదని చెప్పి పోయాడు. పడలేదు. కానీ ఆ రోజు నుంచి మేఘన ఆ టేపును తొక్కకుండా పక్కనుంచి దాటేది. తాను మాత్రం రబ్బరు చెప్పులు వేసుకోకుండా ఆ వైరు జోలికి పోయేది కాదు.

ఉచ్చంగెమ్మకు ఆ సంగతి తెలియదు. కౌల్ బజార్ అవతల నుంచి పొద్దున్నే నడిచొచ్చి, వాకిలి కడిగి, ముగ్గేసి, గిన్నెలు తోమిపోయే మనిషి ఆమె. యాభై దాటాయి. చెప్పులు గేటు బయటే విడిచి లోపలికి వస్తుంది.

ఆ గురువారం మేఘన తొందరలో ఉంది. కారులో గుచ్చే గన్ను, అంటే కేబుల్ కొసనున్న పిడిని పీకి, కేబుల్‌ను నేల మీదే వదిలేసి, క్యారియర్ కట్టుకోవడానికి వంటింట్లోకి పోయింది. గన్ను పీకితే కరెంటు ఉండదని ఆమె నమ్మకం. గోడ స్విచ్చి ఆపలేదు. బయట బకెట్టు నీళ్లు చల్లిన చప్పుడు, చీపురు గీరిన చప్పుడు వినిపించాయి. తరవాత బకెట్టు దొర్లింది. దాని వెనకే ఒక మూలుగు వినబడింది. మనిషి గొంతులా లేదది.

మేఘన పరుగున వచ్చింది. ఉచ్చంగెమ్మ వంగిపోయి నిలబడి ఉంది. ఎడమచెయ్యి గేటు కమ్మీని పట్టుకుని ఉంది, వదలడం లేదు. నోరు తెరుచుకుని ఉంది, మాట రావడం లేదు. వాకిలంతా నీళ్లు. ఆ నీళ్లలో టేపు చుట్టిన చోటు మునిగి ఉంది.

ఏమీ ఆలోచించకుండా కాలు గడప దాటించింది మేఘన. తడి తగిలిందో లేదో పాదం నుంచి మోకాలి దాకా జిల్లుమంది. కెవ్వుమని వెనక్కి పడింది. వరండా స్విచ్చి నీళ్లకు అవతల ఉంది. హాల్లో బోర్డు దగ్గరికి ఉరికింది. ఎనిమిది స్విచ్చులు. ఏది దేనిదో ఎప్పుడూ చూసుకున్నది లేదు. అన్నిటికన్నా పెద్దదాన్ని కిందికి లాగింది.

తలమీద ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

కరెంటు పోలేదా? ఇంకోసారి లాగింది. ఫ్యాను ఆగలేదు. అది ఇన్వర్టరు మీద తిరుగుతోందని తట్టడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తరవాత కూడా తెలియలేదు. తిరిగి గడప దగ్గరికి వచ్చేసరికి ఉచ్చంగెమ్మ గేటు స్తంభం పక్కన నీళ్లలో పడి ఉంది. కరెంటు పోయి చెయ్యి వదిలిందా, ప్రాణం పోయి వదిలిందా?

నీళ్లు నాలుగడుగులే. మేఘన ఆ నాలుగడుగులు వేయలేకపోయింది. పోయి పట్టుకోవాలని మనసు అంటోంది, కాలు కదలడం లేదు. మోకాలిలో ఆ జిల్లుమన్నది ఇంకా ఉంది. చివరికి ప్లాస్టిక్ స్టూలు ఒకటి నీళ్లలో దించి, దానిమీద నిలబడి, ఇంకోటి ముందుకు వేసి, కర్ర పీటతో కేబుల్‌ను దూరంగా తోసింది. వంగి చేతి వెనకభాగంతో ఉచ్చంగెమ్మ భుజాన్ని తాకింది. షాకు కొట్టలేదు. భుజం వెచ్చగా ఉంది.

"ఉచ్చంగెమ్మా."

కళ్లు తెరుచుకున్నాయి. "కాళ్లు యాడ పోయినాయో తెలీలేదమ్మా," అంది సన్నగా.

పక్కింటి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. అరచెయ్యి కాలింది. గుండె కొట్టుకోవడంలో తేడా ఉంది, ఒక రోజు చూడాలి అన్నారు డాక్టర్లు. మంచానికి తగిలించిన యంత్రం కూసినప్పుడల్లా మేఘన లేచి నిలబడింది. ఉచ్చంగెమ్మ కూతురు సుమ మిల్లు పని వదిలి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. హర్ష ఫోన్ చేస్తే మేఘన అంతా చెప్పింది, టేపు సంగతితో సహా. అతను నవ్వలేదు. బయలుదేరి వస్తున్నానన్నాడు. అతనికి చెప్పినంత తేలిక కాలేదు, మంచం మీది మనిషికి చెప్పడం. అయినా చెప్పింది.

ఉచ్చంగెమ్మ తల ఆమె వైపు తిప్పింది. "ఆ వైరు చెడిపోయిండాదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"నాకొక మాట చెప్పింటే ఆ పక్కకు పోయేదాన్ని కాదు కదమ్మా."

సుమ మొహం తిప్పుకుంది. కాసేపటికి ఉచ్చంగెమ్మే, తమ వీధిలో కొట్రేశ్ అని ఉన్నాడనీ, పనితనం ఉన్న మనిషనీ, అతన్ని పిలిపించమనీ చెప్పింది.

కొట్రేశ్ మరునాడు వచ్చాడు. టేపు విప్పితే లోపల నుంచి నీళ్లు కారాయి, రాగి పచ్చబడి ఉంది. కారు కంపెనీ కేబుల్ మధ్యలో పెట్టి ఇచ్చిన చిన్న పెట్టె తనకు అవతల ఉన్న కేబుల్‌నే కాపాడుతుందనీ, ప్లగ్గుకూ పెట్టెకూ మధ్యనున్న ఈ వైరులో గన్ను పీకినా కరెంటు ఉంటుందనీ విడమరిచి చెప్పాడు.

"దీన్ని బాగు చేయలేవా కొట్రేశప్పా?" అని అడిగింది మేఘన.

"బేడ మేడమ్, వద్దు. ఛార్జింగ్ వైరుకు జాయింట్ కొట్టేది లేదు. తెగిందంటే మార్చాల్సిందే. ట్రిప్పరు పడతాండాదంటే అది మనిషిని కాపాడతాండాది. దాని నోరు మూసేసినారు మీరు."

ఆ వైరును మళ్లీ ఎవరూ వాడకుండా ముక్కలుగా కోసేశాడు. కొత్త ట్రిప్పరు పెట్టి, ఎర్తింగు పరీక్షించి, ప్లగ్గును కారు నిలిపే చోటికే నేల నుంచి ఛాతీ ఎత్తున మార్చాడు. కొత్త కేబుల్ వచ్చాక చుట్టి తగిలించడానికి పక్కనే కొక్కెం బిగించాడు.

పదకొండో రోజు ఉచ్చంగెమ్మ వచ్చింది. అరచేతికి కట్టు ఉంది. గేటు బయటే నిలబడింది. గేటును తాకలేదు.

"వైరు యాడ ఉండాది?"

కొక్కేనికి చుట్టి తగిలించిన కొత్త కేబుల్‌ను మేఘన చూపించింది.

"ఆ పడిపోయే స్విచ్చి?"

లోపలికి పోయి, పని చేస్తోందో లేదో చూడటానికి ట్రిప్పరు మీదున్న చిన్న బొత్తాం నొక్కింది మేఘన. టక్కున పడింది. ఆ చప్పుడు తలుపులోంచి గేటు దాకా వినిపించింది.

"మళ్లీ నొక్కు."

పైకెత్తి మళ్లీ నొక్కింది. మళ్లీ పడింది. అప్పుడు మేఘనే పోయి గేటు తీసి పట్టుకుంది. ఉచ్చంగెమ్మ చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి, ఒంటిచేత్తో చీపురు అందుకుంది. ఆమె నీళ్లు చల్లినంతసేపూ, ఆ నీళ్లు ఆరేదాకా, మేఘన గడప మీదే నిలబడి ఉంది. ఆ రోజు కూడా బడికి ఆలస్యమైంది.