రెండో మనిషి

సాయంత్రం కాగానే మందుల షాపు షట్టరు సగం దించి మొగుడు బడి వైపు బయల్దేరడం చూస్తే కొత్త కోడలికి ఒళ్ళు మండేది. మండదా మరి? పెళ్ళయి ఇంకా ముచ్చట తీరలేదు. ఇల్లు షాపు మీదే. అతను మెట్లెక్కే చప్పుడు వింటే చాలు, చేతిలో గరిటె ఉన్నా దువ్వెన ఉన్నా వదిలేసి తలుపు దగ్గరికి పరిగెత్తుతుంది. అలాంటి మనిషిని రోజూ సరిగ్గా టీ వేళకి దర్జీ పిల్ల ఎగరేసుకుపోతోంది.

దర్జీ పిల్లంటే ఎదురు వరసలో కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి. మెడలో టేపు, మొహం నిండా నవ్వు. ఆ నవ్వే కొత్త కోడలికి గిట్టదు.

నిజానికి ఆ ఏర్పాటు వీధి అంతా కలిసి చేసుకున్నది. ప్రకటనలకి ఫోటోలు తీస్తానంటూ, ఇంట్లో చెప్పొద్దంటూ బడి దగ్గర ఒక కారువాడు తచ్చాడుతున్నాడు. పక్క వీధి పిల్ల ఒకతె అతని వెంట వెళ్ళి, తిరిగొచ్చాక ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. పోలీసులకి చెప్పారు గానీ కారు నంబరు ఎవరికీ తెలియదు. అప్పట్నుంచీ, తల్లులు సాయంత్రం షిఫ్టుల్లో ఉండే పిల్లల్ని వీధివాళ్ళే ఇంటిదాకా నడిపించుకొస్తున్నారు. రిటైరైన పెద్ద టీచరుగారు ఒకటే షరతు పెట్టారు: పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి.

"ఎంత మంచివాళ్ళయినా ఒక్కరికే అప్పగించేది లేదు. నాక్కూడా" అన్నారు.

ఆ లెక్కన మందుల షాపుకీ కుట్టుమిషనుకీ జత పడింది.

"మీకు వేరే జత దొరకలేదా?" అని కొత్త కోడలు అడిగితే, "దొరికిందిగా, నువ్వు" అన్నాడతను. ఆ మాటకి పొంగిపోయి, పొంగిపోయినందుకు తన మీద తనే విసుక్కుంది.

అత్తగారు నవ్వింది. "చుట్టూ అంతమంది పిల్లలు పీక్కుతింటుంటే ఇంక సరసమేమిటే తల్లీ. నీకప్పుడే చత్వారం వచ్చిందా ఏమిటి?"

చత్వారమేమీ లేదు. ఆ రోజు బాల్కనీలోంచి అన్నీ స్పష్టంగానే కనిపించాయి. అతని చొక్కాకి వేలాడుతున్న గుండీని దర్జీ పిల్ల నడిరోడ్డు మీదే కుట్టేసింది. దారం పంటితో తెంపింది కూడా. ఆ గుండీ తను కుడదామని నిన్నట్నుంచీ అనుకుంటున్నదే.

వాళ్ళు బడి చేరేదాకా ఆగి ఫోన్ చేసింది. "కళ్ళు తిరుగుతున్నాయి. తొందరగా రండి."

అతను పరిగెత్తుకొచ్చాడు. షాపులోంచి బీపీ మిషను పట్టుకొచ్చి చేతికి పట్టీ చుట్టాడు. నుదురు నిమిరాడు. కొత్త కోడలికి లోకమంతా తియ్యగా ఉంది. అంతలో అతని ఫోన్ మోగింది.

"అన్నయ్యా, వదినకెలా ఉంది?" దర్జీ పిల్ల గొంతు. "నేనొక్కదాన్నే కదా, పెద్ద టీచరుగారొచ్చేదాకా గేటు లోపలే ఆగుదామన్నాను. ఇప్పుడు చూస్తే పిచ్చుక లేదు."

పిచ్చుక లాండ్రీలో పనిచేసే ఆవిడ కూతురు. ఒకచోట నిలిచే రకం కాదు. కారువాడు రెండుసార్లు పలకరించింది ఆ పిల్లనే.

కొత్త కోడలు పట్టీతోనే లేచింది. "నాకేం తిరగడం లేదు. అబద్ధం చెప్పాను. పదండి."

అతను బడి సందులోకి, ఆమె పెద్ద రోడ్డు వైపు. బస్టాపు ముందు కారు ఆగి ఉంది. వెనక తలుపు తీసి ఉంది. పిచ్చుక సంచీతో సహా ఎక్కబోతోంది. ఆ పిల్లని పళ్ళబండి ముసలమ్మ వైపు నెట్టి, కొత్త కోడలు తనే సీటు మీద చతికిలబడింది, కాళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉంచి.

"ఫోటోలటగా? నాక్కూడా తియ్యండి. పెళ్ళయ్యాక ఒక్కటీ మంచిది లేదు."

"దిగండి" అన్నాడు కారువాడు.

"దిగను. ఎలాంటి ఫోటోలో గట్టిగా చెప్పండి, వీళ్ళూ వింటారు."

బస్టాపులో జనం ఇటు తిరిగారు. ఎవరో ఫోన్ తీశారు. కారువాడు ఒక్కసారిగా బండి ముందుకు దూకించాడు. ఆమె రోడ్డు మీద పడింది, మోచెయ్యి చీరుకుపోయింది. కానీ ఈసారి కారు నంబరు బస్టాపులో అందరి నోటా ఉంది. చీకటి పడేలోపే పోలీసులు పట్టుకున్నారు.

కారు వెళ్ళిన కాసేపటికే, మిగతా పిల్లల్ని బడిలో టీచర్లకి అప్పగించి దర్జీ పిల్ల రొప్పుతూ వచ్చింది. పిచ్చుక కొత్త కోడల్ని దాటుకుంటూ పరిగెత్తి, ఆ అమ్మాయి చున్నీలో తల దాచుకుంది.

"నువ్వు ఇంటికి నడవనన్నావుగా" అంది ఏడుస్తూ.

"నేనొక్కదాన్నే నడిపించకూడదే, బంగారం." దర్జీ పిల్ల తలెత్తి కొత్త కోడలి చేతికి ఇంకా వేలాడుతున్న పట్టీని చూసింది. "కళ్ళు తిరగడం తగ్గిందా వదినా?"

"తగ్గింది" అంది కొత్త కోడలు, నేల చూపులు చూస్తూ.

మొగుడు ఆమె మోచేతికి మందు రాశాడు. మందు మూత బిగిస్తూ, "నువ్వు పిలిస్తే నేను అనుమానించకుండా రావాలి. అలా ఉండనీ" అన్నాడు.

మర్నాడు ఆమె పెద్ద టీచరుగారి దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి, ఒక వంతు తనకిమ్మంది. ఆవిడ "అయితే దర్జీ పిల్లతోనే నడువు. ఎలాగూ కన్నేసే ఉంచావు, దగ్గర్నుంచే చూసుకో" అన్నారు.

ఆ సాయంత్రం పిచ్చుక ఒక చేత్తో దర్జీ పిల్ల వేలు పట్టుకుంది. రెండో చెయ్యి ఖాళీగా ఊగుతోంది. కొత్త కోడలు ఆ చేతికేసి తన చెయ్యి చాపింది. పిచ్చుక చూసి, చేతిని జేబులో పెట్టేసుకుంది.

కొత్త కోడలికి మళ్ళీ ఒళ్ళు మండింది. అయినా అటు వైపుకి మారి, రోడ్డుకీ పిల్లకీ మధ్య నడిచింది.