సమ్మెలో వెనక తలుపు

జగిత్యాల లేబర్ ఆఫీసు వరండాలో కూర్చుని జాఫర్ ఆ రోజు ఖర్చు లెక్క వేసుకున్నాడు. కోరుట్ల నుంచి ఇద్దరికి బస్సు చార్జీ, సాక్షిగా వచ్చిన భీమయ్యకు టిఫిను, నాలుగు చాయ్‌లు, పోయిన ఒక పూట బేరం. ఏసయ్య మీద గెలిస్తే ఇదంతా గిట్టుబాటే.

ఏసయ్య అతని బట్టల దుకాణంలో పదకొండేళ్లు పనిచేశాడు. సకల జనుల సమ్మెలో ఏడు రోజులు రాలేదని జాఫర్ అతన్ని తీసేశాడు. అది అన్యాయమనీ, ఆ ఏడు రోజుల జీతంతో పాటు తాను వాడుకోని సెలవుల జీతం కూడా ఇప్పించాలనీ ఏసయ్య ఫిర్యాదు పెట్టాడు.

అసలు సంగతి వేరు. దసరా గిరాకీ వదులుకోలేక జాఫర్ ముందు షట్టర్ దించి, వెనక సందు తలుపు తెరిచి అమ్మాడు. సిరిసిల్ల నుంచి ఆటోలో సరుకు తెమ్మంటే, బందులో తేనని ఏసయ్య ఇంట్లో కూర్చున్నాడు. కొన్నవాళ్లు నోరు విప్పరు. బందులో కొన్నామని ఎవరు చెప్పుకుంటారు?

జాఫర్ లెక్క తప్పింది ఒక్క చోటే. బలంగా ఉంటుందని వర్తక సంఘం పెద్ద భీమయ్యను వెంటబెట్టుకొచ్చాడు. బందులో తెరిచిన దుకాణానికి అయిదు వేల జరిమానా వేసి, ఆ డబ్బుతో దీక్షా శిబిరంలో వంట చేయించింది ఈ భీమయ్యే.

"ఏసయ్య రాని ఏడు రోజులూ దుకాణం నడిచిందా?" ముగ్గురినీ లోపలికి పిలిచి ఆఫీసరమ్మ అడిగింది.

జాఫర్ నోరు తెరిచేలోపే భీమయ్య అందుకున్నాడు. "గదేం మాట మేడం! కోరుట్లల ఒక్క బట్టల దుకాణం తెర్వలే. జాఫర్ సేటు మాతోని దీక్షల కూసున్నడు. చెప్పు సేటూ, సిగ్గెందుకు?"

నడిచిందంటే జరిమానా, దాని వెనకే బజారులో పేరు పోవడం. నడవలేదంటే ఏసయ్యను తీసేసిన కారణమే ఎగిరిపోతుంది. జాఫర్ ఏసయ్య వైపు చూశాడు. వెనక తలుపు గురించి అతను ఒక్క మాటంటే చాలు, సేటు పని అయిపోతుంది. ఏసయ్య చేతిలో కాగితాన్ని మడతపెడుతూ కూర్చున్నాడు.

"బందే ఉన్నది మేడం," అన్నాడు జాఫర్.

"మూసిన దుకాణానికి మనిషి రాలేదని ఎట్ల తీసేస్తరు?"

ఏడు రోజుల జీతం, సెలవుల జీతం ఇవ్వాలని, పనిలోకి తీసుకోవాలని రాయించి, ఆఫీసరమ్మ ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది.

భీమయ్య పాన్ కోసం పోయాక, మెట్ల దగ్గర జాఫర్ ఏసయ్యను ఆపాడు. "తలుపు సంగతి ఎందుకు చెప్పలే?"

"చెప్తే సంఘపోల్లు నీ దుకాణం మూయిస్తరు. మూసిన దుకాణం కాడ నా పైసలెట్ల వసూలైతయి సేటూ?"

జాఫర్‌కు నవ్వొచ్చింది. ఇంత లెక్క తెలిసినవాణ్ణి తీసేయడమే పెద్ద నష్టం అనిపించింది.

"సరే, ఎల్లుండి సంది పనికి రా."

"రాను. గీ పైసలతోని సిరిసిల్లల తువ్వాలలు కొని, సారంగాపూర్ అంగడిల దుకాణం వెట్టుకుంట."

పదకొండేళ్లు గల్లా పక్కన నిలబడ్డ మనిషి. ఏ మగ్గం దగ్గర ఏది చవకో, ఎవరికి ఎంత తగ్గించాలో అన్నీ తెలుసు. జాఫర్ ఆపుకోలేకపోయాడు.

"తువ్వాల జత ఎంతకమ్ముతవ్?"

"గదొక్కటి అడుగకు," అంటూ ఏసయ్య సరుకు మాట్లాడుకోవడానికి సిరిసిల్ల బస్సు కోసం నడిచాడు.