ఓటిస్‌కి వేసిన గ్రేస్ మార్కులు

ర్యాంకు అన్న మాట చెవినపడితే చాలు, మన తెలుగువాడికి అన్నం సయించదు. పక్కింటివాడికి ఎంతొచ్చింది, మనవాడికి ఎంతొచ్చింది, పైనెవడు, కిందెవడు? పుట్టుకతో వచ్చిన జబ్బది, పుడకలతోగానీ పోదు. ఆ జబ్బుకి జీతమిచ్చి మరీ పోషించే ఉద్యోగం ఒకటుంటుందని దామోదర్‌కి టెక్సాస్ వచ్చేదాకా తెలీదు.

వాల్తేరులో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పినవాడు. అమెరికాలో పీహెచ్‌డీ పూర్తిచేసి, డెబ్భై తొమ్మిదిలో ఒక ఫుట్‌బాల్ టీమ్‌లో చేరాడు. టీమ్ పేరు మనకెందుకు, ఇప్పుడది లేదు కూడా. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు. ఇక్కడ కోసుగా ఉండే బంతిని చేత్తో విసురుతారు, చేత్తో పడతారు, పట్టినవాణ్ణి మీదపడి కుమ్ముతారు. పట్టేవాళ్ళలో రెండు రకాలు. రిసీవర్లకి పరుగొక్కటే పని. టైట్ ఎండ్లు అలాకాదు. ఒకసారి ఎద్దులా తలొంచి ఎదుటివాణ్ణి తొయ్యాలి, మరుసటిసారి రిసీవర్‌లా ఉరికి బంతి పట్టాలి. జీతం ఒకటి, చాకిరీ రెండు.

వీళ్ళకి ర్యాంకులు వెయ్యడమే దామోదర్ పని. ప్రాక్టీస్ అంతా కెమెరాతో తీస్తారు. ఆ రీళ్ళు చీకటిగదిలో తిప్పి తిప్పి చూసి, చేతులకిన్ని, పరుగుకిన్ని, తోపుకిన్ని అని మార్కులు వేసి కంప్యూటర్‌కి ఎక్కించాలి. చిక్కంతా జారిన బంతుల దగ్గరే. బంతి నేలపడితే తప్పు విసిరినవాడిదా, పట్టేవాడిదా? తేల్చేది దామోదరే. పట్టేవాడిదంటే వాడి మార్కులు తెగుతాయి.

ఆగస్టు నెలాఖరుకి కోచ్ ఆ ర్యాంకులు చూసి ముగ్గురు టైట్ ఎండ్లని ఉంచుకుంటాడు. అందరూ బసచేసే ప్రాక్టీస్ క్యాంపులో నాలుగోవాడి గది తలుపు పొద్దున్నే బర్ట్ అనే గుమాస్తా కొడతాడు. "కోచ్ రమ్మంటున్నాడు, నీ ప్లేబుక్ కూడా పట్టుకురా" అంటాడు. ప్లేబుక్ అంటే టీమ్ ఎత్తులన్నీ ఉండే పుస్తకం. అది తిరిగిచ్చెయ్యమన్నారంటే ఇక మూటాముల్లె సర్దుకోవలసిందే.

ఓటిస్ గ్రేలీ ఆ టీమ్‌లో టైట్ ఎండ్. లూజియానా నల్లవాడు, మన గుమ్మాల్లోంచి వంగితేగానీ పట్టని మనిషి. చేరిన కొత్తలో కోచ్‌లెవరూ దామోదర్‌ని పూచికపుల్లకింద కూడా లెక్కకట్టలేదు. ఒకరోజు మైదానంలో ఒక చిన్న కోచ్ "పట్టు చూద్దాం, మేధావీ" అంటూ బంతి ముఖాన విసిరాడు. కళ్ళద్దాలు ఎగిరిపడ్డాయి. అందరూ ఇకిలించారు. ఓటిస్ ఒక్కడే వచ్చి, అద్దాలు ఏరి, చొక్కాకి తుడిచి చేతికిచ్చాడు.

"ప్రొఫెసర్, బొటనవేళ్ళు రెండూ దగ్గర పెట్టు. బంతి చేతుల్లోకి వచ్చేదాకా చూడు. మధ్యలో కళ్ళు మూశావో, పోయింది."

ఆ ఎండలో నిలబెట్టి, ఈ ప్రొఫెసర్ ఒక్క బంతైనా పట్టేదాకా వదల్లేదు. ఆ ఉపకారం దామోదర్ మరిచిపోలేదు. మరిచిపోయినా బాగుండేది.

అప్పణ్ణించి ఆట లేని ఆదివారాల్లో ఓటిస్ భోజనానికి వచ్చేవాడు. దామోదర్ భార్య నళిని చేతి పప్పు, ఊరినుంచి తెచ్చిన ఆవకాయ అంటే పడిచచ్చేవాడు. చేత్తో తినడం ఆవిడే నేర్పింది. మొదట్లో చంటిపిల్లాడిలా మోచేతిదాకా పులుముకునేవాడు. పోనుపోను ఐదువేళ్ళూ కలిపి ముద్ద చేసి, మెతుకు జారకుండా నోట్లో పెట్టుకునేవాడు. "నీ బంతి కంటే ఇదే బాగా పడుతున్నావయ్యా" అని నళిని ఏడిపించేది. "మిస్ నళినీ, బంతికి ఆవకాయ ఉండదుగా" అని నవ్వేవాడు.

ఎనభై మూడు జూలైలో, క్యాంపుకి వెళ్ళేముందు ఒక ఆదివారం అలాగే వచ్చాడు. ముప్ఫై రెండు నిండాయి. ఆ ఆటలో అది ముసలితనమే.

"మోకాళ్ళు అరిగిపోయాయి ప్రొఫెసర్" అన్నాడు. "మా ఊరి హైస్కూల్లో కోచ్ పని ఇస్తామంటున్నారు. డెలోరెస్ అక్కడ ఇల్లు కూడా చూసేసింది, కిటికీలకి కర్టెన్లు కొనేసింది. కానీ నా అంతట నేను మానలేను. చేతకాదు నాకు. నీ మిషన్ నాలుగోవాడినంటే మాత్రం నోరెత్తకుండా వెళ్ళిపోతాను, ప్రమాణం. పదేళ్ళుగా ప్రతి కోచూ నాకు అబద్ధమే చెప్పాడు. నువ్వొక్కడివే చెప్పలేదు."

"సరిగ్గానే లెక్కవేస్తాను" అన్నాడు దామోదర్. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం.

డెలోరెస్ అంటే ఓటిస్ భార్య. మొగుడు నాలుగోవాడు కావాలని చర్చిలో మొక్కుకున్న ఇల్లాలు లోకంలో ఆవిడొక్కర్తే అయ్యుంటుంది.

ఆ పూట ముద్ద కలుపుతుంటే ఓటిస్ వేళ్ళసందుల్లోంచి అన్నం జారిపోయింది. మళ్ళీ కలిపాడు. మళ్ళీ జారింది. కాసేపు తన చేతిని తనే పరాయివాడి చేతిలా చూసుకుని, "మిస్ నళినీ, ఒక స్పూన్ ఇస్తావా?" అని అడిగాడు.

అతను వెళ్ళాక నళిని అంది: "ఏవండీ, ఆ చెయ్యి చూశారా? నాలుగేళ్ళుగా మన ఇంట్లో స్పూన్ ముట్టని మనిషి."

"పడుకున్నప్పుడు తిమ్మిరెక్కిందన్నాడుగా. అంత ఒళ్ళు, అలిసిపోదూ?"

"డాక్టరుకి చెప్పమనండి."

"చెబుతాలే" అన్నాడు. చెప్పలేదు. చెబితే టీమ్ డాక్టరు ఆ రోజే ఆట మాన్పిస్తాడు, ఓటిస్ మొహం ఎలా చూడటం అనుకున్నాడు.

ఆగస్టు క్యాంపు రీళ్ళలో ఓటిస్ మూడు బంతులు జార్చాడు. మూడూ చేతుల్లోకి సూటిగా వచ్చినవే. రెండు చేతులూ తాకి, సబ్బుబిళ్ళలా జారి నేలపడ్డాయి. ఒకసారి జార్చాక కుడిచెయ్యి గట్టిగా విదిలించాడు. ఎవరైనా చూస్తారేమోనని నడుంవెనక దాచుకున్నాడు. చీకటిగదిలో దామోదర్ రీలు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. చెయ్యి విదిలించడం, దాచుకోవడం. మళ్ళీ చూశాడు.

లెక్క కట్టాడు. కాలేజీనుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు వెంట్రుకవాసిలో ముందున్నాడు. ఓటిస్ నాలుగోవాడు.

ఇక్కడే మనవాడి బుద్ధి వాల్తేరు వెళ్ళింది. అక్కడ పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ముప్ఫై మూడు దగ్గర ఆగిపోయిన పేపరు వస్తే వెనక్కి తిరగేసి, ఏ మార్జిన్లోనో రెండు మార్కులు వెతికి పాస్ చేసేవాళ్ళు. గ్రేస్ మార్కులు. పెద్ద లెక్చరర్ ఉమామహేశ్వరరావుగారు ముక్కుపొడుం పీల్చి చెప్పేవారు: "మన సొమ్మేం పోయిందోయ్? కలం కదిపితే ఒకడి కొంప నిలబడుతుంది. వేసినట్టు వాడికి మాత్రం తెలియనీకు. తెలిస్తే వాడి పాసుకి విలువుండదు." అది పుణ్యకార్యమని దామోదర్ నమ్మాడు. మనలో నమ్మనివాడెవడు?

రీలు ఆపాడు. జారిన మూడింటిలో రెండు బంతుల పక్కన "తప్పు విసిరినవాడిది" అని రాశాడు. ఓటిస్ మూడోవాడయ్యాడు. అడగలేదు ఆ మనిషి. అడగకపోగా, సరిగ్గా వెయ్యమని మరీ చెప్పాడు. అయినా వేశాడు. స్నేహితుడి గది తలుపు బర్ట్ కొడుతుంటే తను ఎదురుగదిలో కూర్చుని వినడం తనవల్ల కాదనుకున్నాడు. అసలు సంగతి అంతే! జాలి ఓటిస్ మీద కాదు, తన మీదే.

మర్నాడు బర్ట్ ఆ కొత్త కుర్రాడి తలుపు కొట్టాడు. ఓటిస్ నడవలో దామోదర్‌ని అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. "మూడోవాణ్ణి, ప్రొఫెసర్! మిషన్ చెప్పింది!" అని అరిచాడు. దామోదర్ కూడా నవ్వాడు. ఆ సాయంత్రం ఫోన్‌లో నళినికి ఆ గ్రేస్ మార్కుల సంగతి గొప్పగా చెప్పుకున్నాడు.

"ఆ బంతులెందుకు జారాయో అడిగారా?" అంది ఆవిడ.

"అన్నీ అడుగుతారా? ఒక్క ఏడాదేగా, ఆడి మానేస్తాడు."

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. దామోదర్ స్టేడియం పైన గాజుగదిలో కూర్చున్నాడు. చాలా మామూలు ఎత్తుగడ అది. బంతి ఇంకొకడి చేతిలో ఉంది. ఓటిస్ పని అడ్డొచ్చినవాణ్ణి తొయ్యడమే. తలొంచి వెళ్ళాడు. ఎదుటివాడి తొడ తలకి తగిలింది. అంతకంటే పెద్ద దెబ్బలు ఆ పూటే పది చూశారు జనం. అందరూ లేచారు. ఓటిస్ లేవలేదు. కాలు కదల్లేదు, చెయ్యి కదల్లేదు. దామోదర్ లేచి నిలబడ్డాడు, కిందికి పరుగెత్తబోయాడు, ఎటు వెళ్ళాలో తెలియక తలుపు దగ్గరే ఉండిపోయాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్‌ని దీపానికెత్తి చూపించాడు. మెడ ఎముక ఒకటి నెలలక్రితమే పక్కకి ఒరిగి నరాన్ని నొక్కుతోందట. ఇప్పటి దెబ్బ మామూలుదేనట. మెడ బాగుంటే లేచి దులుపుకుని పోయేవాడట. "వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. చేతిలోవి జారిపోయి ఉంటాయి. ఒక్కరూ గమనించలేదా?" అని గదిలో ఉన్నవాళ్ళందరినీ అడిగాడు. కోచ్ టోపీ చేతిలో తిప్పుకుంటున్నాడు. డెలోరెస్ నోట్లో కొంగులా కోటు అంచు కుక్కుకుని ఏడుస్తోంది. దామోదర్ గోడవైపు చూశాడు.

ఆ శరీరం మూడుసార్లు మొరపెట్టుకుంది. రెండుసార్లు ఇతనే దాని నోరు నొక్కాడు.

ఇంటికొచ్చాక నళిని కేకలెయ్యలేదు. వేసినా కాస్త ఊపిరాడేది. కంచం ముందు పెట్టి, నెమ్మదిగా అంది: "మీ వాల్తేరు పిల్లలు పరీక్ష తప్పితే సెప్టెంబర్లో మళ్ళీ రాసుకునేవాళ్ళండీ. మెడ తప్పితే సెప్టెంబరు ఎక్కడుంది?"

దామోదర్ ఆ కంచం ముట్టుకోలేదు. చెప్పేస్తానన్నాడు. ఓటిస్ కాళ్ళమీద పడి చెప్పేస్తాను, తిట్టనీ, ఉమ్మనీ, కోర్టుకి లాగనీ. నళిని "చెప్పండి" అంది.

చలికాలంలో ఓటిస్‌ని వేరే ఆస్పత్రికి మార్చాక, డెలోరెస్ ఇంటిపని చూసుకోవడానికి లూజియానా వెళ్ళిన ఒక ఆదివారం, మొగుడూపెళ్ళాలిద్దరూ చూడటానికి వెళ్ళారు. మంచంలో సగం మనిషి ఉన్నాడు. మెడకింద ఏదీ అతనిది కాదు. నళిని డబ్బాలో పప్పన్నం తెచ్చింది. నర్సు స్పూన్ అందించబోతే వద్దని, చేతులు కడుక్కుని వచ్చి, తనే ముద్ద కలిపి నోట్లో పెట్టింది.

ఓటిస్ నమిలాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. "ఆవకాయ తక్కువైంది మిస్ నళినీ" అన్నాడు.

దామోదర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఓటిస్, నీకొకటి చెప్పాలి. ఆగస్టులో..."

"నేనే అడుగుదామనుకుంటున్నాను ఆగస్టు సంగతి" అన్నాడు ఓటిస్. "డెలోరెస్ ఒకటే గొడవ. కోచ్ ముసలాడు జాలిపడి నిన్ను ఉంచాడు, ఆ జాలే నిన్ను తినేసిందంటుంది. కోచ్‌ని చంపేస్తానంటుంది. నేనన్నాను, కాదే పిచ్చిదానా, అది ప్రొఫెసర్ లెక్క, అందులో జాలి ఉండదు. నేను నా చేతులతో గెలుచుకున్నది అని." అతని చూపు దుప్పటిమీద పడున్న తన చేతులవైపు వెళ్ళి, తిరిగొచ్చింది. "ఇంకేం మిగల్లేదు నాకు, ఆ ఒక్కటే ఉంది. రోజంతా అదే తలుచుకుంటాను. నిజంగా మూడోవాణ్ణే కదా?"

నళిని చెయ్యి ముద్దతో గాల్లోనే ఆగింది. ఆవిడ మొగుడివైపు చూసింది.

దామోదర్ నోరు తెరిచాడు. నిజం చెబితే ఈ మనిషికి మిగిలిన ఆ ఒక్కటీ లాక్కున్నట్టు. చెప్పకపోతే, తనని తిట్టగలిగిన ఒకే ఒక్క నోరు ఇక ఎన్నడూ తిట్టదు. బతికినన్నాళ్ళూ ఆ తప్పు మోసుకోవలసిందే.

"మూడోవాడివే" అన్నాడు.

"మిషనే చెప్పిందా?"

"మిషనే చెప్పింది, ఓటిస్."

ఓటిస్ గుండెలనిండా ఊపిరి పీల్చుకుని వదిలాడు. "అయితే ఎవరి తప్పూ లేదు. నా రాతంతే" అన్నాడు. చిన్నగా నవ్వి, "పదేళ్ళలో నువ్వొక్కడివే నాకు అబద్ధం చెప్పనిది" అన్నాడు.

నళిని ఆ ముద్ద అతని నోట్లో పెట్టింది. మూతి తుడిచింది. ఇంకో ముద్ద కలపడానికి తలొంచుకుంది, మళ్ళీ మొగుడి మొహం చూడలేదు.